అన్ని సైజుల మనిషి

పుంగనూరులో నలభై ఏళ్ళకు పైగా బట్టలు కుట్టిన ఒక టైలరు మాస్టరును, ఫోనులో సరుకులమ్మే ఒక కంపెనీ మోసగాడని తేల్చి, ఖాతా మూసేసి, ఇక మా అంగట్లోకి రావద్దు పొమ్మంది. ఆయన చేసిన నేరం ఇదీ: ఒకే మనిషి అయివుండి పిల్లల నిక్కర్లు మొదలుకొని నలభై ఎనిమిది నడుము ప్యాంట్ల దాకా అన్ని సైజులూ తెప్పించుకోవడం, సరిపోని వాటిని తిప్పి పంపడం. అది తప్పుడు తీర్పు. ఈ తప్పులో కంపెనీ వాటా ఎంతో, నా వాటా ఎంతో ఇందులోనే రాస్తాను. నా వాటా తక్కువేమీ కాదు.

మాస్టరు పోయిన నెల కుప్పంలో, కూతురింట్లో పోయాడు. ఆయన పేరు రాయడం లేదు. ఒకసారి పేరు రాసి నేను చేసిన మేలు చాలు.

ఆయనకు ముఖాలు గుర్తుండేవి కావు. భుజాలు గుర్తుండేవి. అంగడి ముందు నుంచి ఎవరైనా పోతుంటే మిషను మీద నుంచి తల సగమెత్తి, వీపు చూసి కేకేసేవాడు.

"ఓ ఎడమ భుజం! యాడికప్పా పోతాండావు? ప్యాంటు కుట్టి వారమాయె."

ఆ ఎడమ భుజం నేనే. మదనపల్లె మండీలో చాలా ఏళ్ళు టమోటా బుట్టలు మోశాను. నాకొచ్చిన నాలుగక్షరాలు ఆ బుట్టల్లో పరిచిన పాత పేపర్లలో నేర్చుకున్నవే. బుట్టలు నాకు చదువునిచ్చి, బదులుగా ఎడమ భుజాన్ని ముప్పావు ఇంచు కిందికి దించాయి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. మాస్టరు మొదటిసారి టేపు పెట్టినప్పుడు తెలిసింది. చొక్కాలో ఎడమ వైపు లోపల ఒక పొర గుడ్డ ఎక్కువ పెట్టి కుట్టాడు. వేసుకుని అద్దంలో చూసుకుంటే రెండు భుజాలూ ఒక్క మట్టాన ఉన్నాయి.

"ఇదేంది భాయ్?" అన్నాను.

"దేవుడు చేసిన తప్పు దేవుడు సూసుకుంటాడు. బుట్టలు చేసిన తప్పు మనం సూసుకోవల్ల."

ఆ చొక్కాతో పాటు జానెడు గుడ్డ ముక్క మడిచి ఇచ్చాడు. ఏమిటని అడిగితే, నీ గుడ్డే, మిగిలింది అన్నాడు. టైలరు మిగిలిన గుడ్డ తిరిగివ్వడం మా వైపు ఎవరూ ఎరగరు. మిగిలిన గుడ్డ టైలరు ఇంటి దిండు గలీబుల్లో తేలుతుంది, అది లోకరీతి. ఆ వీధిలో మిగతా టైలర్లు ఈయనతో కలిసి టీ తాగేవాళ్ళు కాదు. తమకు చెడ్డపేరు తెచ్చాడని వాళ్ళ బాధ. నిజమే, తెచ్చాడు.

కొలతలన్నీ పొడుగాటి నోటుపుస్తకాల్లో ఉర్దూలో రాసుకునేవాడు. తెలుగు మనకన్నా గట్టిగా మాట్లాడేవాడు గానీ రాయడం, చదవడం రాదు. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. పేజీ పైన పేరుండేది కాదు, ఆయన చదివి వినిపిస్తే తెలిసే గుర్తులుండేవి. "బైరెడ్డిపల్లె, పొట్ట ముందుకు." "కుడి కాలు కురచ, మాట ఎక్కువ." నా పేజీ పైన ఏముందో చదివి వినిపించమని చాలాసార్లు అడిగాను. "నక్కో అప్పా, వద్దు, అది నా మిషనుకూ నాకూ మద్దెన ఉండే మాట" అని తప్పించుకున్నాడు.

రెడీమేడు వచ్చి వీధిలో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తర్వాత ఫోన్లొచ్చాయి. పల్లెల్లో ఫోనుల్లోంచి బట్టలు తెప్పించుకోవడం మొదలుపెట్టి, అవి ఒంటికి పట్టక, చేతపట్టుకుని మాస్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు, కత్తిరించి సరిచెయ్యమని. కుట్టడానికి రావడం మానేసిన వాళ్ళే సరిచెయ్యడానికి బారులు తీరారు. ఒకరోజు వెంకటగిరికోట వైపు నుంచి ఒకాయన మోకాళ్ళ దాకా వచ్చే చొక్కా తెచ్చాడు. నేనక్కడే కూర్చుని ఉన్నాను.

"ఏం సైజు పెట్టినావప్పా?" అన్నాడు మాస్టరు.

"ఎస్సూ, ఎమ్మూ, ఎల్లూ అని అడిగె మాస్టరూ. మా ఇంటిపేరు ఎల్‌తో మొదలయ్యేది గదా, దాన్నే నొక్కితి."

మాస్టరు నవ్వలేదు. చొక్కాను బల్ల మీద పరిచి, అరిగిన సబ్బు బిళ్ళతో గీతలు గీస్తూ అన్నాడు: "ఆర్డరు పెట్టినాంక వస్తారే గానీ, పెట్టేముందర ఒక్కడన్నా వస్తాడా?"

మర్నాడు ఉన్నవాటిలోకెల్లా చవక ఫోను ఒకటి కొన్నాడు.

ఆ ఫోను ఆయన వేళ్ళను మనిషి వేళ్ళుగా ఒప్పుకోలేదు. సూది గుచ్చుకుని గుచ్చుకుని బొటనవేలు, చూపుడువేలు కాయ కాచి ఉండేవి. ఎంత నొక్కినా అద్దం పలికేది కాదు. చివరికి చిటికెన వేలు పనికొచ్చింది. దారపు ఉండకు ఫోనును ఆనించి, చిటికెన వేలొక్కటి చాచి, రాణీగారు కప్పు పట్టుకున్నట్టు ఒక్కో బొమ్మనూ పక్కకు జరిపేవాడు. జరిపే ప్రతి బొమ్మనూ తిట్టేవాడు. "ఈ పిల్లోని ఈపున సూడండి, పిన్నులు పెట్టి లాగినారు. ముందర ఎంత బాగుండాది! వాడు తిరిగి నిలబడితే గదా బండారం తెలిసేది."

ఆయన పద్ధతి ఒక్కటే. మనిషి వచ్చి నిలబడాలి. టేపు పెట్టాలి. "నాది నలభై మాస్టరూ" అంటే "అది నీ పెండ్లినాటి కొలత" అనేవాడు. ఏ కంపెనీ చొక్కా చెప్పిన సైజు కన్నా బిగువు, ఏది వదులు అన్నది ఒక పుస్తకంలో వేరే రాసుకున్నాడు. "ఈళ్ళ ఎమ్ము, ఆళ్ళ ఎల్లుకు అన్న" అని వాటికి బంధుత్వాలు కలిపేవాడు. మదనపల్లె నుంచి పొద్దున్నే పార్సిళ్ళ వ్యాను వచ్చేది. విప్పి, టేపు పెట్టి, అర్ధ ఇంచు తేడా ఉన్నా అప్పుడే మళ్ళీ మూట కట్టి వెనక్కి. ఆర్డరు పెట్టినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. సరిచేసే పనుంటే దానికి మాత్రమే కూలి.

పల్లెల్లోకి పార్సిలు పోదు. ఇంటికి నంబరుండదు. "రచ్చబండ దాటినాంక నీలం తలుపు" అన్న అడ్రసు ఏ ఫోనూ తీసుకోదు. అందుకని అందరికీ ఆయన అంగడే అడ్రసయింది, ఆయన పేరే పేరయింది, ఆయన ఖాతాయే ఖాతా అయింది. అంగట్లో అడగడానికి సిగ్గుపడే లోపలి బట్టలు ఆడవాళ్ళు మాస్టరు భార్యకు చెవిలో చెప్పేవాళ్ళు. ఆమె తెర వెనక కొలిచి, నంబరు ఒక్కటే బయటికి చెప్పేది. తమకు సరిపోయే సైజు ఒకటుందని కొందరు ముసలమ్మలకు డెబ్భై ఏళ్ళ వయసులో తెలిసింది. ఇంకా మోకాలి పట్టీలు, చదువుకునే పిల్లల బూట్లు, మందు కొట్టే యంత్రాల మూతులు. ఒకాయన మా పుంగనూరు పొట్టి జాతి దూడను బెంగళూరులో ఎవరికో పంపుతూ, చలికి దానికొక కోటు కావాలన్నాడు. దూడల కోట్లు ఫోనులో లేవు. మాస్టరు వీధిలోకి పోయి, వంగి, దూడ ఛాతీ కొలిచి, వచ్చి కూర్చుని కాసేపు ఆలోచించి, కుక్కల కోట్లలో అన్నిటికన్నా పెద్దది నొక్కాడు. సరిపోయింది. కోటు తొడిగి దూడ కాళ్ళ దగ్గర నుంచి లేచి వస్తూ, "ఇంత నిదానంగా నిలబడిన గిరాకీని నేను సూడలేదు" అన్నాడు.

ఆయనలో తప్పులు లేవని కాదు. ఒంటిని కొలిచేవాడు గానీ ఒంటితో చేసే పనిని కొలిచేవాడు కాదు. కురబలకోట నుంచి గొర్రెలాయన ఒకాయన సంతకొచ్చినప్పుడల్లా మాస్టరు దగ్గర కూర్చునేవాడు, ముప్పై ఏళ్ళ స్నేహం. ఆయన ఒక స్వెట్టరు అడిగాడు, వదులుగా. మాస్టరు ఆయన కొలతకు సరిపోయేది తెప్పించాడు. ఆయన పెద్దదే కావాలన్నాడు. పెద్దది వచ్చింది. రెండించులు లూజని మాస్టరే, ఆయన్ను అడక్కుండా, తిప్పి పంపేశాడు. సంతరోజు గొర్రెలాయన నడివీధిలో కేకలేశాడు.

"గొర్రెపిల్లను లోపల పెట్టుకునేదానికి గదప్పా లూజు అడిగింది! నా కడుపు మీద నీ పెత్తనమేంది? నీ సంగతి కంపెనీకి రాసేస్తా సూడు!"

"రాసుకో పో. లూజు బట్ట నా సేత్తో ఇయ్యను."

ఇక నా వాటా.

ఆ రోజుల్లోనే చిత్తూరులో ఒక సభ జరిగింది. పల్లెలకు కంప్యూటరు జ్ఞానం చేరవేశాడని ఒకాయనకు శాలువా కప్పారు. ఆయన ఏ పల్లెకూ వచ్చినట్టు నాకు దాఖలా దొరకలేదు. నాకు మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు కూర్చుని ఆ ఫోను కంపెనీకి నాలుగు పేజీల జాబు రాశాను. "అయ్యా, ఈయన ఒక్క ఫోనుతో, ఒక్క ఖాతా మీద, ఇరవై ఊళ్ళ జనానికి బట్టలు తెప్పిస్తున్నాడు. మీరు జీతమివ్వని ఉద్యోగి. సరిపోనిది ఏదైనా మొహమాటం లేకుండా తిప్పి పంపుతాడు. ఇటువంటి మనిషిని గుర్తించడం మీ ధర్మం." ఆయన పేరు, ఇంటిపేరు, ఫోను నంబరు, అంగడి గుర్తులు, అన్నీ రాశాను. గుర్తించడానికి వీలుగా ఉంటుందని. రిజిస్టరు పోస్టులో పంపాను. మాస్టరుకు చెప్పలేదు. శాలువా వచ్చిన రోజు ఆయన ముఖం చూడాలని నా ఆశ.

నెల తిరక్కుండా ఖాతా మూతపడింది. ఫోనులో ఇంగ్లీషులో నాలుగు వరుసలు వచ్చాయి. మాస్టరు నా చేతికిచ్చాడు. నిఘంటువు పెట్టుకుని చదివి, అనుమానాస్పదమైన వాడకం, మోసం కింద లెక్క, అని చెప్పాను.

"అనుమానం నా మీదనా, ఫోను మీదనా?"

"మీ మీదే."

ఆయన టేపు మెడలోంచి తీసి, చుట్ట చుట్టి, బల్ల మీద పెట్టాడు. అంగడి తెరిచి ఉండగా టేపు లేని ఆయన మెడను నేను చూడటం అదే మొదలు.

"మూసుకోనీ. అంగడి వాళ్ళది. ఎవురు సెప్పినారు? అది సెప్పు. సెప్పకపోతే వాళ్ళకెట్ల తెలుస్తాది?"

కంప్యూటరే కనిపెట్టి ఉంటుంది భాయ్ అన్నాను. నమ్మి అన్నాను. నా జాబు శాలువా కోసం వెళ్ళింది, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నా బుర్రకు తట్టలేదు.

అప్పటి నుంచి ఆయనకు అదొక్కటే ధ్యాస. వచ్చిన ప్రతి మనిషినీ కొలతకు నిలబెట్టినట్టు నిలబెట్టి అడిగేవాడు. "నువ్వేమన్నా సెప్పినావా అప్పా?" "మీ ఆడోళ్ళు ఏమన్నా అన్నారామ్మా?" ముప్పై ఏళ్ళుగా వస్తున్నవాళ్ళు ముఖం చిన్నబుచ్చుకుని దిగిపోయేవాళ్ళు. నన్నూ అడిగాడు. లేదన్నాను. చివరికి సంతరోజు గొర్రెలాయన వచ్చాడు. మాస్టరు పాత నోటుపుస్తకం తెరిచి, ఆయన పేజీని కత్తెరతో నీటుగా కత్తిరించి, చేతిలో పెట్టాడు.

"ఇదేంది?" అన్నాడు గొర్రెలాయన.

"నీ కొలతలు. నీ ఒంటి లెక్క నా అంగట్లో ఉండేదానికి లేదు. యాడన్నా కుట్టించుకో."

"నేను రాయలేదు మాస్టరూ. కోపంలో అంటి. నాకు సంతకమే రాదే!"

"రాయించినావు."

గొర్రెలాయన ఆ ఉర్దూ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత సంతలకు వచ్చాడు గానీ ఆ వీధిలోకి రాలేదు. మాస్టరు మిగిలిన వాళ్ళను అడగడం మానేశాడు. దొంగ దొరికాడు కదా. కానీ అంగడి మళ్ళీ నిండలేదు. ఆ ఏడాదే చేతులు వణకడం మొదలై, మిషను అమ్మేసి, భార్యాభర్తలిద్దరూ కుప్పంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు.

ఖాతా మూతపడినప్పటి నుంచి నేను కంపెనీకి రాస్తూనే ఉన్నాను. వాళ్ళ నిబంధనలు తెప్పించుకుని చదివాను. ఒక ఖాతాను ఒక్కరే వాడాలట. మా వైపు ఒక బోరు కింద ఐదిళ్ళు బతుకుతాయి. ఒక పేపరు పది చేతులు మారి చివరికి టమోటా బుట్టలోకి పోతుంది. ఒక ఫోనులో వీధి వీధంతా బంధువుల చావులూ పుట్టుకలూ వింటుంది. ఎవరి వస్తువు వాళ్ళే వాడాలని రాసినవాడు ఏ ఊళ్ళో పెరిగాడో కనుక్కుని చెప్పమని అడిగాను. ఎవరు ఫిర్యాదు చేశారో, ఏ ఆధారంతో ఒక మర్యాదస్థుణ్ణి మోసగాడన్నారో చెప్పమని అడిగాను. ఆరు జాబులు రాశాను. ఏడోదానికి అచ్చు కాగితం మీద జవాబొచ్చింది, మర్యాదగానే ఉంది. నా ఇంగ్లీషుకు అందినంత ఇదీ: "ఈ ఖాతాపై ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మీరు మొదటి ఉత్తరంలో స్వయంగా తెలిపిన వివరాలను పరిశీలించి చర్య తీసుకున్నాము. ఈ విషయం మా దృష్టికి తెచ్చినందుకు మీకు ధన్యవాదాలు."

మూడుసార్లు చదివాను. నా జన్మలో ఒక కంపెనీ నాకు చెప్పిన ధన్యవాదం అదొక్కటే.

మర్నాడు కుప్పం బస్సెక్కాను. పలమనేరులో ఒకసారి, వెంకటగిరికోటలో ఒకసారి, దిగి వెనక్కి పోదామా అనుకున్నాను. రెండు చోట్లా కండక్టరు విజిలేసేశాడు.

మాస్టరు వసారాలో మంచం మీద కూర్చుని మనవరాలి గౌను కుట్లు విప్పుతున్నాడు. కుట్టడానికి వణికే చేతులు విప్పడానికి పనికొస్తాయట. నేను నిలబడే చెప్పాను. జాబు రాసింది నేను, శాలువా కోసం రాశాను, గొర్రెలాయన ఏ పాపమూ ఎరగడు. కంపెనీ కాగితం చదివి, తెలుగులో చెప్పాను. ఆయన తలెత్తలేదు. దారప్పోగులు ఒక్కొక్కటే లాగి పక్కన పెట్టుకుంటున్నాడు.

"వినపడిందా భాయ్?"

"వినపడింటాది," అంది ఆయన భార్య లోపలి నుంచి టీ తెస్తూ. "ఆయప్పకు సెవులు బాగానే ఉండాయి."

టీ తాగాను. ఆయన గ్లాసు ముట్టుకోలేదు. గౌనుకు రెండో చెయ్యి కూడా విప్పి పక్కన పెట్టి, మెడ పట్టీ మొదలుపెట్టాడు. మెడ పట్టీ విప్పాల్సిన అవసరం ఆ గౌనుకు లేదు. అది నాకు కూడా తెలుస్తోంది. బస్సుకు వేళయిందని చెప్పి లేచాను. ఆయన భార్య గేటు దాకా వచ్చి, "మళ్ళా రాప్పా" అంది. ఆమె ఒక్కతే అంది.

పందొమ్మిది రోజులు ఏమీ లేదు. నేనుగా ఫోను చెయ్యలేదు. తిట్టే హక్కు ఆయనది, దాన్ని ఎప్పుడు వాడుకోవాలో కూడా ఆయన ఇష్టమే అనుకున్నాను. ఇరవయ్యో రోజు పొద్దున, రాయడం రానివాళ్ళు ఫోనులో గొంతు రికార్డు చేసి పంపుతారే, అట్లా ఒకటి వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అప్పా, నేను మాట్లాడతాండా. గొర్రెలాయనకు ఫోను చేసినా. అర్ధగంట తిట్టినాడు, తిట్టించుకున్నా. వచ్చే వారం ఈడికొస్తాడంట, మిగిలింది ఎదురుగా తిట్టేదానికి. నీ మీద కోపం పెట్టుకుందామని ఇన్నాళ్ళూ సూస్తి, కుదర్లే. నువ్వు రాసినదాంట్లో అబద్దం యాడుండాది? అబద్దమని పారేసింటే ఖాతా ఉండేది. వాళ్ళు నమ్మినారు, నమ్మినారు గాబట్టే మూసినారు. సరే పోనీ. నాకొక పని చెయ్. ఆ జాబుకు నకలుంటే ఒకటి పంపు. నలభై ఏండ్లు ఊరందరికీ కుడితి, నన్ను గురించి మంచిగా రాసిన కాయితం అదొకటే గదా. మా ఆమె సదివించుకోని వింటానంటాది. నకలు లేకుంటే మళ్ళా రాయి. ఈతూరి మాత్రం ఎవురికీ పంపొద్దు."